శివారుకు నీరందితేనే డెల్టా

ఏటా తొలకరి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు వదులుతారు. పసుపు కుంకుమలు చల్లి షట్టర్లు ఎత్తిన ఫొటో మర్నాడు పత్రికల్లో వస్తుంది. కోడూరు, నాగాయలంక వైపు ఉన్న రైతుకు ఆ ఫొటోతో పని లేదు. అతను అడిగేది ఒక్కటే: ‘మా శివారుకు ఎప్పుడొస్తాయి?’ కృష్ణా డెల్టాలో ఏ యంత్రాంగాన్నయినా కొలిచే కొలబద్ద ఈ మాటే. బ్యారేజీ దగ్గర ఎన్ని అడుగుల మట్టం ఉన్నా, శివారు ఎకరం తడవకపోతే ఆ ఏడు కాలువ పారినట్టు కాదు.

ఇవాళ అదే డెల్టాలో మరో రకం శివారు ఏర్పడింది. కంపెనీ హైదరాబాదులోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉంటుంది. పనిచేసే మనుషులు ఉయ్యూరులో మేడమీది గదిలోనో, పటమటలో అపార్టుమెంటులోనో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటారు. జీతం నెలనెలా పడుతుంది. పని వేళకు అందుతుంది. మరి మిగతావి అందుతున్నాయా? నిన్నటి నిర్ణయం ఇవాళ ఎందుకు మారింది, తాను రాత్రి మేలుకుని చేసిన పని ఎవరికి ఉపయోగపడింది, పక్క టీములో ఎవరు ఇబ్బందిలో ఉన్నారు? ఈ సంగతులన్నీ ఆఫీసులో కూర్చున్న వాళ్ల మధ్యే ఇంకిపోయి శివారుదాకా రాకపోతే, ఆ మనిషి జట్టులో పేరుకు మాత్రమే ఉన్నట్టు.

దూరాన ఉన్న ఉద్యోగులను ఒక జట్టుగా ఎలా కలపాలన్నది కోవిడ్ తర్వాత పుట్టిన సమస్య అనుకుంటాం. ఈ నేల మీద దానికి నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. మగ్గాల వాళ్లు, కాలువల వాళ్లు, రైళ్ల వాళ్లు, పుస్తకాల వాళ్లు, వార్తల వాళ్లు అందరూ ఒకరికొకరు కనిపించకుండా కలిసి పనిచేసినవాళ్లే. వాళ్లు ఎక్కడ కలిశారో, ఎక్కడ విడిపోయారో ఒకసారి వెనుదిరిగి చూసుకోవడం ఇప్పుడు మనకు అవసరం.

ఇంటి మగ్గం, వీధి పడుగు

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. దాన్ని ఫ్యాక్టరీ అని పిలిచినా అక్కడ ఉన్నవి గిడ్డంగులు, గుమాస్తాల లెక్కల పుస్తకాలు. బట్ట తయారయ్యేది ఊళ్లలో, ఎవరి ఇంట్లో వాళ్లు తవ్వుకున్న మగ్గం గుంటల్లో. దళారి ముందుగా సొమ్మిచ్చేవాడు, గడువుకు బట్ట పట్టుకెళ్లేవాడు. ఆ బట్ట ఏ ఓడ ఎక్కుతుందో, ఏ దేశంలో ఎంతకు అమ్ముడుపోతుందో నేసినవాడికి తెలిసేది కాదు. ఇంటి దగ్గర పని అనేది ఇక్కడ అంత పాతది. తల దగ్గరి సమాచారం శివారుకు చేరకపోవడమూ అంతే పాతది.

అయినా నేతగాడు ఒంటరి కాలేదు. కారణం పడుగు. మగ్గం మీద నేయడం ఒక్కరి పని. పడుగుకు గంజి పెట్టడం ఒక్కరివల్ల కాదు. దారాన్ని వీధి పొడవునా చాచి కట్టి, ఎండ ముదరకముందే గంజి పట్టించి, కుంచెతో దువ్వి, తెగిన పోగులు ముడివేయాలి. ఇవాళ మా పడుగుకు మీరొస్తే రేపు మీ పడుగుకు మేమొస్తాం. మంగళగిరి లాంటి నేతవాడల్లో ఈ వీధి పడుగుల దగ్గరే కూలిరేట్లు, నూలు నాణ్యత, పెళ్లిసంబంధాలు, సంఘం సంగతులు మాట్లాడుకునేవారు. కలుసుకుందాం రండి అని ఎవరూ ప్రత్యేకంగా పిలవనక్కర్లేదు. పనిలోనే ఒక భాగం పది చేతులు కోరింది. ఆ భాగమే వాళ్లను ఒక వాడగా నిలబెట్టింది.

పక్కన గోదావరి డెల్టాలో దీనికి విరుద్ధమైన కథ ఉంది. నరసాపురం ప్రాంతంలో పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక వేల ఇళ్లకు పాకింది. ఏజెంటు గడపకు దారం తెచ్చేవాడు, అల్లిన ముక్కలు పట్టుకెళ్లేవాడు. ఒకరు పువ్వులు అల్లితే, ఆ ముక్కలను కలిపే అతుకుపని మరొకరిది. పూర్తయిన వస్తువును చూసే అవకాశం చాలామందికి ఉండేది కాదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో ఈ స్త్రీల మీద ప్రచురించిన పుస్తకం లోకం దృష్టిని ఆకర్షించింది. రోజంతా పనిచేస్తున్నా వాళ్లను కార్మికులుగా చూడలేదనీ, తీరికవేళ ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారనీ ఆమె చూపించింది. వీధి పడుగు లాంటి ఒక్క ఉమ్మడి పని కూడా లేని చోట, ఏజెంటు చెప్పిన రేటే రేటు అవుతుంది. పక్కింటి అల్లికకు ఎంతిచ్చారో తెలియనప్పుడు అడిగే నోరు లేవదు. ఇంటి నుంచి పని అనే మాట విన్నప్పుడల్లా ఈ రెండు వీధులూ నాకు పక్కపక్కనే గుర్తుకొస్తాయి.

లాకులు, లస్కర్లు

1832–33 కరువు గుంటూరు సీమను పీల్చి పిప్పిచేసింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు, ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852–55 మధ్య బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలువ, వాటి కింద వందలాది పిల్లకాలువలు. ఇప్పుడు సుమారు 13 లక్షల ఎకరాలకు నీరందించే ఈ వల మొత్తం లాకుల దగ్గర, తూముల దగ్గర నిలబడిన లస్కర్ల చేతుల మీదుగా నడిచింది.

లస్కరు పని చూడటానికి చిన్నది. గేజీ చూసి మట్టం రాసుకోవాలి, ఉత్తర్వు ప్రకారం షట్టరు ఎత్తాలి, దించాలి. తోటి లస్కరు మైళ్ల దూరంలో ఉంటాడు. ఇక్కడ తూము షట్టరు ఎత్తితే అక్కడ మట్టం పడిపోతుంది, ఇక్కడ దించితే అక్కడ గట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. తన చేతి కదలిక కింది మనిషికి ఏం చేస్తుందో తెలిసినవాడే మంచి లస్కరు. ఆ తెలివి ఉత్తర్వుల కాగితంలో దొరికేది కాదు. గట్టు మీద నడిచి, కిందివాళ్లతో మాట్లాడితే వచ్చేది.

ఆ వ్యవస్థలో ఒక లోపం చాలాకాలం ఉండిపోయింది. ఉత్తర్వు పైనుంచి కిందికి దిగేది, కిందినుంచి పైకి వెళ్లేది మొర మాత్రమే. 1952 వరదకు పాత ఆనకట్ట తెగింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కట్టడం మారినా శివారు రైతు మొర మారలేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల యాజమాన్యంలో రైతులకు భాగమిస్తూ చట్టం తెచ్చింది. నీటి సంఘం పరిధిని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడదీసి, ఒక్కో భాగం నుంచి ఒక్కొక్కరిని ఎన్నుకునే పద్ధతి పెట్టింది. అంటే కాలువ మొదట్లో ఉన్నవాళ్లే కుర్చీలన్నీ నింపకుండా, చివర ఉన్నవాడికీ బల్ల దగ్గర చోటుండాలని. సంఘాలు అన్నిచోట్లా ఆశించినట్టు నడవలేదు. ఆ ఆలోచన విలువ మాత్రం తగ్గలేదు: దూరాన ఉన్నవాడి మాట అతని అదృష్టానికి వదిలేయకూడదు, దానికి ఏర్పాటులోనే చోటుండాలి.

బీటు చివర కలిసే ఇద్దరు

1889లో నిజాం రైలు బెజవాడకు వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన తెరుచుకుంది. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులు కలిసే జంక్షన్‌గా బెజవాడ ఎదిగింది. రైల్వే అంటే దూరాన ఉన్న మనుషుల మీద నమ్మకంతో నడిచే పని. రెండు స్టేషన్ల మాస్టర్లు ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూడకపోవచ్చు. గంటల సంకేతాలతో, ‘లైన్ క్లియర్’ అన్న మాటతో వందల ప్రాణాలను ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అప్పగించుకుంటారు. చెప్పిన మాట తిరిగి చెప్పడం, నంబరు ఇచ్చిపుచ్చుకుని పుస్తకంలో రాయడం ఆ నమ్మకానికి కట్టిన గట్లు.

ఊరుగాని ఊళ్లో రైలు దిగిన డ్రైవరుకు, గార్డుకు రన్నింగ్ రూమ్ ఉంటుంది. అక్కడ పడక, భోజనం ఉంటాయి. వేరే డివిజన్ నుంచి వచ్చిన మనిషి పక్క మంచం మీద ఉంటాడు. ఏ మలుపులో సిగ్నల్ ఆలస్యంగా కనిపిస్తుందో, ఏ ఎగువలో బండి మొరాయిస్తుందో రూలు పుస్తకంలో లేని సంగతులు పళ్లెం ముందు కూర్చున్నప్పుడే చేతులు మారతాయి.

రైల్వేలో నన్ను అన్నిటికంటే కదిలించేది వానాకాలపు రాత్రి గస్తీ. పట్టాల మీద పెట్రోల్‌మ్యాన్ లాంతరు పట్టుకుని తన బీటు పొడవునా నడుస్తాడు. బీటు చివర అవతలి పెట్రోల్‌మ్యాన్ ఎదురు రావాలి. ఇద్దరూ గస్తీ పుస్తకాలు మార్చుకుని వెనక్కి తిరుగుతారు. అనుకున్న వేళకు ఎదుటివాడు రాకపోతే వెనుదిరిగి పోకూడదు. అతని బీటులోకి నడుస్తూ వెళ్లి చూడాలి. జట్టు అనే మాటకు ఇంతకంటే మంచి నిర్వచనం నాకు తెలియదు.

పడవెక్కిన పుస్తకాలు

జీతం, ఉత్తర్వు, శిక్ష ఏవీ లేకుండా చెల్లాచెదురుగా ఉన్న మనుషులను జట్టుగా కట్టడం ఇంకా కష్టం. ఆ కష్టాన్ని గెలిచింది ఆంధ్ర గ్రంథాలయోద్యమం. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఆ సభ వెనక అహర్నిశలు శ్రమించిన వ్యక్తి అయ్యంకి వెంకటరమణయ్య.

అప్పటి పల్లె గ్రంథాలయాన్ని ఊహించండి. చావడిలో ఒక బీరువా, కొన్ని పుస్తకాలు, ఒక పత్రిక, సాయంత్రం ఒక కిరసనాయిలు దీపం. నడిపేది బడిపంతులో, చదువుకున్న రైతుబిడ్డో. ఊళ్లో చాలామందికి అక్షరం రాదు కాబట్టి పత్రిక చదివి వినిపించడమూ అతని పనే. చందాలు అడిగితే మొహం చాటేస్తారు. ఇదంతా నేనొక్కణ్ణే ఎందుకు మోయాలి అన్న ప్రశ్న అతనికి ఏదో ఒక రాత్రి వచ్చి తీరుతుంది. ఆ ప్రశ్నకు బెజవాడ నుంచి జవాబు వెళ్లాలి.

ఆ జవాబు పలు రూపాల్లో వెళ్లింది. సంఘం ‘గ్రంథాలయ సర్వస్వం’ అనే పత్రిక నడిపింది. ఒక మూల పల్లెలో పుస్తకాలయం పెట్టినవాడు తనలాంటివాళ్లు ఇంకెందరున్నారో ఆ పుటల్లో చూసుకున్నాడు. తన ఊరి పేరు అచ్చులో చూసుకోవడం అతనికి వేతనమే. ఏటేటా మహాసభలు జరిగాయి. అవి ఒక్క పట్నానికే అంటుకుపోకుండా ఊరూరా తిరిగాయి. అన్నిటికంటే ముఖ్యమైనవి గ్రంథాలయ యాత్రలు. నాయకులు మందిగా బయల్దేరి ఊళ్లు తిరుగుతూ, గ్రంథాలయాలు చూస్తూ, సభలు పెడుతూ వెళ్లేవారు. కార్యకర్తను కేంద్రానికి రమ్మనకుండా కేంద్రమే కార్యకర్త గుమ్మంలోకి నడిచి వచ్చేది. ఊరి వాళ్లంతా చూస్తుండగా పెద్దలు వచ్చి ఆ చిన్న బీరువా ముందు కూర్చుంటే, మర్నాటి నుంచి చందా అడిగే ఆ కుర్రవాడి గొంతు మారిపోతుంది.

1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవెక్కించారు. కృష్ణా పశ్చిమ డెల్టాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద ఆ పడవ గ్రంథాలయం తిరిగింది. నీళ్లు ఎటు పోతే పుస్తకాలూ అటు పోయాయి. ఒడ్డున ఎదురుచూసే పాఠకుడికీ, పడవలోని కార్యకర్తకూ మధ్య రాకపోకల లయ ఒకటి ఏర్పడింది. తర్వాతి కాలంలో విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనం కేంద్రంగా ఆయన గ్రంథపాలకుల శిక్షణకు జీవితాన్ని అర్పించారు. ఒకచోట కలిసి కొన్నాళ్లు నేర్చుకున్నవాళ్లు ఆ తర్వాత ఎంత దూరం వెళ్లినా ఒకరికొకరు ఉత్తరం రాసుకోగలరు. ముందు పరిచయం, తర్వాత దూరం అనే ఈ క్రమాన్ని ఆ తరం బాగా అర్థం చేసుకుంది.

అంతకుముందే రాజకీయోద్యమమూ ఈ పాఠమే చదివింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని లక్ష్యం పెట్టుకుంది. రాట్నం ఎవరి ఇంట్లో వాళ్లు తిప్పేదే. అదే వేళకు ఇంకో ఊళ్లో ఇంకొకరు తిప్పుతున్నారన్న ఎరుక ఆ ఒంటరి పనిని ఉమ్మడి పనిగా మార్చింది. ఆ సమావేశాల సమయంలోనే పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించారు. దూరదూరాన ఉన్నవాళ్లందరూ ఒక్కసారి తలెత్తి చూసే గుర్తు ఒకటి దొరికింది.

డేట్‌లైన్‌లో ఊరి పేరు

స్వాతంత్ర్యం తర్వాత విజయవాడ వార్తల రాజధాని అయింది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం మొదలైంది. 1952లో విశాలాంధ్ర దినపత్రిక వచ్చింది. 1959లో ఆంధ్రప్రభ మద్రాసు నుంచి తరలివచ్చింది. 1960 జూలై 1న నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి పుట్టింది. 1978లో ఈనాడు ఇక్కడ అచ్చు మొదలుపెట్టింది. ఈ పత్రికలన్నిటికీ ప్రాణం ఊళ్లలోని విలేకరులు. కంట్రిబ్యూటరు అన్నా స్ట్రింగరు అన్నా అతను ఆఫీసులో బల్ల లేని ఉద్యోగి. ఉదయం పంతులుగానో, దుకాణదారుగానో ఉండి, సాయంత్రం వార్త రాసి కవరులో పెట్టి బస్సు కండక్టరు చేతికిచ్చేవాడు. అత్యవసరమైతే టెలిగ్రాం, ట్రంకు కాల్.

అతనికి వచ్చే డబ్బు అంతంతమాత్రం. అతన్ని కట్టిపడేసింది మర్నాడు పత్రికలో తన ఊరి పేరుతో వచ్చే డేట్‌లైన్. రాసి పంపిన వార్త రాకపోతే ఎందుకు రాలేదో చెప్పే డెస్కు ఉన్నచోట విలేకరి ఎదిగాడు. కవరు వెళ్లడమే గానీ మాట తిరిగిరాని చోట చల్లబడిపోయాడు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చాక పల్లె వార్తకు చోటు అనేక రెట్లు పెరిగింది. మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. శివారు నుంచి తలకు ప్రవాహం పెరిగిన ఆ రోజుల్లోనే తెలుగు పత్రికలు ఊరూరా వేళ్లూనుకున్నాయి.

ఖండాల అవతల

ఇంటర్నెట్ వచ్చాక దూరం ఖండాలు దాటింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను రాసింది ఒకరినొకరు చూడని స్వచ్ఛంద సేవకులు. చర్చాపేజీల్లో తీవ్రంగా వాదించుకున్నవాళ్లు 2014 ఫిబ్రవరిలో దశాబ్ది ఉత్సవాలకు విజయవాడలో ఎదురెదురుగా కూర్చున్నారు. కొమర్రాజు లక్ష్మణరావు పేరిట పురస్కారాలు ఇచ్చుకున్నారు. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు కూడా వేర్వేరు చోట్ల ఉన్న పండితులను కూడగట్టి విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నవారే. 2016 డిసెంబరులో సిలికానాంధ్ర విజయవాడలో జరిపిన అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనంలో ఆరు వేల మందికి పైగా నర్తకులు ఒకేసారి ఆడారు. ఎక్కడెక్కడో వేరువేరు గురువుల దగ్గర సాధన చేసిన అడుగులు ఒకే తాళానికి పడ్డాయి. అంశం ఒక్కటే కావడం, తేదీ ముందే తెలియడం వల్ల ఆ నెలల ఒంటరి సాధనకు గమ్యం ఏర్పడింది.

మేడమీది గదులు

అమెరికాలో జాక్ నిల్స్ 1973లోనే దూరం నుంచి పనిచేయడానికి ‘టెలికమ్యూటింగ్’ అని పేరు పెట్టాడు. మన దగ్గర అది ఇంటింటి మాట అయింది 2020 మార్చి లాక్‌డౌన్‌తోనే. హైదరాబాదు, బెంగళూరు హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, అమ్మాయిలు గుడివాడకు, తెనాలికి, అవనిగడ్డకు తిరిగొచ్చారు. అమ్మ వంట, నాన్న ఆరోగ్యం, మిగిలిన అద్దె, ఇవన్నీ నిజమైన లాభాలే. 2025 నాటికి నాలుగోవంతు ఉద్యోగులు ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ 2020లోనే ప్రకటించింది. 2023లో అదే సంస్థ అందరినీ వెనక్కి పిలిచింది. గన్నవరం దగ్గర మేధా టవర్స్, హెచ్‌సీఎల్ ప్రాంగణం ఇంటికీ మహానగరానికీ నడుమ ఒక మెట్టులా నిలిచాయి. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, ముఖ్యంగా మహిళల కోసం, ఇంటి నుంచి పనిని పెద్దఎత్తున ప్రోత్సహిస్తామన్నారు.

లోకం చేసిన అధ్యయనాలు మన డెల్టా అనుభవాన్నే అంకెల్లో చెప్పాయి. చైనాలోని సీట్రిప్ సంస్థలో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగంలో ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. అంతే బాగా పనిచేసినా వాళ్లకు పదోన్నతి దక్కే అవకాశం మాత్రం తగ్గింది. ఒంటరితనం భరించలేక ఆఫీసుకు తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. మైక్రోసాఫ్ట్‌లో 61 వేల మందికి పైగా ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. దూరపు పని వల్ల జట్ల నడుమ వంతెనలు సన్నగిల్లాయి, ఎవరి గుంపులో వాళ్లు ముడుచుకున్నారు. పంట బాగానే పండింది, శివారుకు నీరు తగ్గింది.

అందుకే జట్టు నడిపేవాళ్లకు ఈ నేల తరఫున నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది. శుక్రవారం సాయంత్రం ఆన్‌లైన్ ఆటలు పెట్టి కెమెరాలు ఆన్ చేయమనే ముందు, మీ పనిలో వీధి పడుగు ఏదో వెతకండి. ఇద్దరు ముగ్గురు కలిసి తప్ప కదలని పనిని ముక్కలు చేసి పంచకుండా కలిపే ఉంచండి. సమావేశంలో మొదటి మాట ఆఫీసులో ఉన్నవాళ్లది కాకుండా, అందరికంటే దూరాన ఉన్నవాళ్లది కానివ్వండి. కొత్తగా చేరినవారికి ముందు కొన్నాళ్లు పక్కన కూర్చునే భాగ్యం కల్పించి, ఆ తర్వాత దూరం పంపండి. ఏడాదికి ఒకసారి అందరినీ రప్పించడంతో సరిపెట్టక, మీరే ఒక రోజు బస్సెక్కి ఉయ్యూరు వెళ్లండి. ఆ మేడమీది గది చూడండి, ఆ ఇంటి భోజనం చేయండి. గ్రంథాలయ యాత్రికులు చేసింది అదే. పంపిన పని ఏమైందో తిరిగి చెప్పండి. డేట్‌లైన్ ఇవ్వండి.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ నీట మునిగింది. ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద పోయింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, మేడల మీద మనుషులు. ఆ సోమవారం ఎన్నో కంపెనీల ఉదయపు సమావేశాల్లో కొన్ని గడులు నల్లగా ఉండిపోయి ఉంటాయి. ఆ నల్లగడిని చూసి హాజరు పట్టీలో గైర్హాజరు అని రాసుకున్న జట్టు ఒకటి. అతనికి ఏమైందోనని నంబరు తర్వాత నంబరు తిప్పి, ఆ వీధిలో తెలిసినవాళ్ల కోసం వాకబు చేసి, చివరికి పడవ వెళ్లే చోటికి కబురు చేర్చిన జట్టు ఇంకొకటి. ఆ రెండిటి మధ్య తేడాను ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

వానలో లాంతరు పట్టుకుని బీటు చివర నిలబడ్డ ఆ పెట్రోల్‌మ్యాన్‌కు ఇది ఎప్పుడో తెలుసు. ఎదుటి లాంతరు కనిపించలేదు. అతను తన హద్దు దాటి చీకట్లోకి ముందుకే నడుస్తాడు.